బెయిలు వచ్చాక 47 రోజులు: జామీను కాగితాలు చూసే వారందరికీ ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జామీను వ్యవహారం చూసే న్యాయాధికారులకు, జైలు అధికారులకు, న్యాయ సేవాధికార సంస్థల కార్యదర్శులకు, కలెక్టర్లకు, పోలీసు అధికారులకు, తహసీల్దార్లకు, న్యాయవాదులకు

నమస్కారం.

నేను ఉద్దానంలో ముప్పై నాలుగేళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరైన ఉపాధ్యాయుడిని. నేరం రుజువయ్యే దాకా ప్రతి మనిషీ నిర్దోషే అని ఏటా నల్లబల్ల మీద రాసి, పిల్లల చేత రాయించాను. ఆ వాక్యం నా దగ్గర చదువుకుని, బెయిలు వచ్చాక కూడా 47 రోజులు జైల్లోనే ఉండిపోయిన ఒక కుర్రాడి విషయంలో ఎలా అమలైందో మీకు చెప్పాలి.

ముందు పద్ధతి ప్రకారమే వెళ్లాను. ప్రజల అర్జీలు తీసుకునే సోమవారం నాడు వరుసలో నిలబడి అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాను. పదకొండో రోజున "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. కుర్రాడు ఆ రోజుకు ఇంకా లోపలే ఉన్నాడు. రెండో అర్జీకి, ఇది కోర్టు పరిధిలోని అంశమని జవాబు ఇచ్చారు. కోర్టు దగ్గర అడిగితే రెవెన్యూ కాగితం రావాలన్నారు. రెవెన్యూ వారిని అడిగితే పంచాయతీ నుంచి రావాలన్నారు. అందుకే మీ అందరినీ ఒకే ఉత్తరంలో కూర్చోబెడుతున్నాను.

ఏ కోర్టో, ఏ జైలో, ఏ కార్యాలయమో పేరు రాయను. రాస్తే ఎవరో ఒక గుమాస్తాకు మెమో ఇచ్చి ఫైలు మూసేస్తారు. నాకు దానితో పని లేదు.

పోయిన ఏడాది వేసవిలో, జీడి పిక్కల కాలంలో, ఒక రైతు కళ్లంలో ఆరబోసి కట్టి ఉంచిన రెండు బస్తాలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. మా వైపు జీడి బస్తా అంటే 80 కిలోలు. చిన్న రైతుకు అది తేలికగా తీసుకునే నష్టం కాదు. ఆ సాయంత్రం అక్కడ మోత పని చేసిన నలుగురు కళాసీల్లో నా విద్యార్థి ఒకడు. వయసు 24. అంతకు ముందు ఏ కేసూ లేదు. పోలీసులు అతన్ని తీసుకుపోయారు, రిమాండుకు పంపారు. అతను ఆ బస్తాలు ఎత్తుకుపోయాడా లేదా అన్నది నాకు తెలియదు. ఎత్తుకుపోలేదని నేను ప్రమాణం చేయను. అది తేల్చడానికే కోర్టు ఉంది.

19వ రోజున బెయిలు వచ్చింది. ఇరవై వేల రూపాయల చొప్పున ఇద్దరు జామీనుదారులు కావాలి, ఇద్దరూ స్థానికులై ఉండాలి. ఆ సాయంత్రం వాళ్లమ్మ ఒక పనసకాయ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. "మాస్టారూ, వదిలేశారట" అంది. నేనూ అలాగే అనుకున్నాను. అతను ఇంటికి వచ్చింది ఆ తర్వాత 47 రోజులకు.

ఆ రోజులన్నీ ఎక్కడికి పోయాయో లెక్క చెబుతాను.

ఉత్తర్వు జైలుకు చేరడానికే ఐదు రోజులు. తనకు బెయిలు వచ్చిందని అతనికి ములాఖత్‌లో తల్లి చెబితే తెలిసింది. తర్వాత జామీనుదారుల వేట. మొదట తల్లే ఉంటానంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు వాళ్ల పాత ఇల్లు కూలింది, కాగితాల ట్రంకుపెట్టె వాననీటిలో నానిపోయింది. ఇప్పుడున్నది ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో కట్టుకున్న రెండు గదులు. ఇంటి పన్ను రసీదు ఎప్పుడో పోయిన మామగారి పేరు మీదే వస్తోంది. సరే, ఆస్తి విలువ ధ్రువపత్రం కోసం వెళ్లింది. అక్కడ వేలిముద్ర పెట్టమన్నారు. ఆమె ఇరవై ఏళ్లుగా జీడి పిక్కలు కొట్టే పని చేస్తోంది. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. బూడిద రాసుకుని కొట్టినా ఆగదు. ఆమె వేళ్ల చివరలు నల్లగా, నున్నగా, చింతగింజల్లా ఉంటాయి. యంత్రం మీద బొటనవేలు పెట్టింది, చూపుడు వేలు పెట్టింది, చీర చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి. "రేపు రండి" అన్నారు. రేపటికి వేళ్లు మారతాయా?

తర్వాత మేనమామ వచ్చాడు. ఆయనది చీపురుపల్లి వైపు. ఎకరం ముప్పై సెంట్ల మెట్ట ఉంది, తన పేరు మీద పట్టాదారు పాసు పుస్తకం ఉంది. ఒక రోజు కూలి వదులుకుని, పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని వచ్చాడు. వేరే జిల్లా వారు కుదరదన్నారు. ఇక్కడ సాంఘిక శాస్త్రం మాస్టారిగా ఒక మాట చెప్పకుండా ఉండలేను. చీపురుపల్లి 1979 జూన్ 1న విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. అంతకు ముందు అది శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. అంటే మేనమామ ఆ తేదీకి ముందు స్థానికుడు, తర్వాత పరాయివాడు. ఆయన మెట్ట మాత్రం ఉన్న చోటే ఉంది.

నేను ఉంటానన్నాను. నా ఇల్లు చనిపోయిన నా భార్య పేరు మీద ఉంది, పేరు మార్పించుకోలేదు. పింఛను పుస్తకం చూపిస్తే కుదరదన్నారు. ఇరుగుపొరుగు వారిని అడిగితే, వాడు వాయిదాకు రాకపోతే మా ఇల్లు జప్తు చేస్తారట కదా అని వెనకడుగు వేశారు. వాళ్లను తప్పుపట్టను.

కోర్టు బయట చెట్టు కింద మాత్రం ఒక పెద్దమనిషి మా కష్టం వినకుండానే అర్థం చేసుకున్నాడు. మనిషికి నాలుగు వేలు. అతని సంచిలో పాసు పుస్తకం నకలు, పన్ను రసీదు, ఫోటోలు అన్నీ గుండుసూదితో గుచ్చి సిద్ధంగా ఉన్నాయి. కుర్రాడి పేరు ఏమిటని కూడా అడగలేదు. నిజంగా తెలిసిన మేనమామ పనికిరాడు, పేరు కూడా తెలియని ఈ మనిషి పనికొస్తాడు. జామీనుదారు తాను ఇంకెంతమందికి జామీను ఉన్నాడో కోర్టుకు రాసి ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ కాగితం ఎవరైనా చదువుతున్నారా?

చివరికి జైలుకు వచ్చిన ఒక యువ న్యాయ సహాయ లాయరమ్మ షరతు మార్చమని పిటిషను వేసింది. కుర్రాడి సొంత బాండు, మేనమామ ఒక్కడి జామీను చాలన్నారు. ఆ విచారణకు పట్టిన సమయంలో టీ చల్లారదు. ఆమెకు, ఆ రోజు బెంచి మీద ఉన్న న్యాయమూర్తికి నా నమస్కారాలు. కానీ అదే పని ఏడో రోజున ఎందుకు కాలేదన్నది నా ప్రశ్న.

ఇందులో చట్టం లోపం దాదాపు లేదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కింది కోర్టు పది వేలకు జామీను అడిగింది. అతని అన్నదమ్ముడు జామీనుకు వస్తే, నువ్వూ నీ ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నారని తిప్పి పంపింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో, వేరే జిల్లా జామీను చెల్లదని ఏ చట్టం చెప్పిందని నిలదీసి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలిపెట్టమన్నారు. అప్పటికి విజయనగరం జిల్లా పుట్టనే లేదు. అదే కథ ఇన్నేళ్లకు మా మేనమామకు జరిగింది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా విడమరిచి చెప్పింది. బెయిలు ఉత్తర్వు నకలు ఆ రోజో మర్నాడో జైలు సూపరింటెండెంట్ ద్వారా ఖైదీకి అందాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల దాటినా జామీను పెట్టలేకపోతే షరతు మార్చాలా అని కోర్టు తనంతట తానే చూడవచ్చు. స్థానిక జామీను కోసం పట్టుబట్టడం వల్లే విడుదల ఆలస్యమవుతోందని, అలాంటి చోట ఆ షరతు పెట్టవద్దని కూడా ఆ ఉత్తర్వులోనే ఉంది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. జామీను సొమ్ము లేని విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా ఇవ్వవచ్చని అప్పటి నియమాల్లో రాశారు. నిర్ణయించే కమిటీలో కలెక్టరు, ఎస్పీ, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు అధికారి, జైలు బాధ్యత చూసే న్యాయమూర్తి ఉంటారు. అంటే నేను ఆరు గుమ్మాలు తిరిగి కలవలేకపోయిన వారంతా ఒకే బల్ల చుట్టూ కూర్చోవాల్సిన వారే.

2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన రెండు జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ వారికి పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. రెండు దేశాల విదేశాంగ శాఖలు మాట్లాడుకుంటే కరాచీ జైలు తలుపు తెరుచుకుంది. మన కుర్రాడు ఉన్నది ఇంటికి బస్సు దూరంలోని జైలులో. వదిలిపెట్టమని మన కోర్టే చెప్పింది. ఇక్కడ మాట్లాడుకోవాల్సింది రెండు బల్లలు.

ఈ 47 రోజుల ఖరీదు ఎవరు కట్టారో వరుసగా రాస్తున్నాను.

1. అతని తండ్రి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. తండ్రికి వారానికి రెండుసార్లు డయాలసిస్. కొడుకు మోటారు సైకిలు మీద వెనక కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో నడుముకు కట్టుకుని తీసుకుపోయేవాడు. కొడుకు లోపల ఉన్నన్నాళ్లూ ఆటో, రానూపోనూ 600 రూపాయలు. డబ్బు లేక నాలుగు విడతలు మానేశాడు. కాళ్లు వాచి, పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చుని రాత్రులు గడిపాడు. ఆయన మీద ఏ కేసూ లేదు.

2. తల్లి. కొట్టిన పిక్కను బట్టి కూలి. వెళ్లని రోజు సున్నా. కాగితాల కోసం, ములాఖత్ కోసం, వాయిదాల కోసం ఆమె మానేసిన పని దినాలు 26. ఇంటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టింది, నేను లెక్కపెట్టాను.

3. అతను. కళాసీల ముఠాలో ఒకరి చోటు రెండు వారాలు ఖాళీగా ఉండదు. వేరే మనిషి చేరిపోయాడు. బయటికి వచ్చాక ఎవరూ పిలవడం లేదు. బెయిలు మీద ఉన్నవాడికీ శిక్ష పడ్డవాడికీ ఊళ్లో తేడా తెలియదు. అతనే నాకు చెప్పిన ఇంకో సంగతి ఉంది. గదిలో ఒక పాత ఖైదీ, "నేరం ఒప్పేసుకో, ఇప్పటిదాకా ఉన్న రోజులు శిక్షలో కలిపేస్తారు, ఇంటికి పోవచ్చు" అని సలహా ఇచ్చాడట. ఉన్న రోజులు శిక్షలోంచి తీసివేయడం చట్టంలో ఉన్నదే. కానీ చేయని తప్పు ఒప్పుకోవడమే బయటికి దగ్గరి దారి అయినప్పుడు ఆ ఒప్పుకోలును రుజువనాలా? "ఒప్పుకుందామనే అనుకున్నాను మాస్టారూ" అన్నాడు. ఒప్పుకుని ఉంటే ఇరవై నాలుగేళ్లకే దొంగ అన్న ముద్ర, జీవితాంతం.

4. బస్తాలు పోయిన రైతు. ఆయన్ను వెళ్లి కలిశాను. అరుస్తాడేమో అనుకున్నాను. "వాడు లోపల ఉంటే నా పిక్కలు వస్తాయా? కేసు ఏమైందో నాకు ఒక్కరూ చెప్పలేదు" అన్నాడు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు చెప్పాలని 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త చట్టంలో రాసి ఉంది. ఆయనకు ఆ సంగతే తెలియదు. అంటే దోచుకోబడినవాడికీ న్యాయం అందలేదు, దోచుకున్నాడన్నవాడికీ అందలేదు. చెట్టు కింద పెద్దమనిషికి మాత్రం గిరాకీ బాగుంది.

5. మీరూ నేనూ. దేశంలో 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలేనని కేంద్ర నేర గణాంకాల సంస్థ లెక్క. నూటికి డెబ్బై ఐదు పైచిలుకు. వీళ్ల తిండి, కాపలా ఖర్చు మన పన్నుల్లోంచే.

వీళ్లందరినీ లోపల ఉంచితే నేరాలు తగ్గుతాయి కదా అని మీలో కొందరు అనుకోవచ్చు. ఊళ్లో చాలామంది నాతో ఆ మాటే అన్నారు. రిటైరయ్యాక తీరిక ఉంది కాబట్టి నేరశాస్త్రం పాఠ్యపుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఆ శాస్త్రానికి మొదటి పేజీలాంటి వాడు ఇటలీకి చెందిన బెకారియా. 1764లో రాశాడు. మనిషిని నేరం నుంచి ఆపేది శిక్ష ఎంత ఘోరంగా ఉందన్నది కాదు, అది తప్పకుండా పడుతుందా, త్వరగా పడుతుందా అన్నదేనని ఆయన వాదన. తీర్పుకు ముందు ఉంచే ఖైదు శిక్ష కాదు, కాపలా మాత్రమేనని, కనుక వీలైనంత తక్కువ కాలం, వీలైనంత తక్కువ బాధతో ఉండాలని కూడా ఆయనే అన్నాడు. మన దగ్గర సరిగ్గా తలకిందులు. ఖైదు ముందుగా, ఖాయంగా పడుతుంది. తీర్పు ఎప్పుడో, పడుతుందో లేదో తెలియదు.

వాయిదాకు రాకుండా పారిపోతే ఎలా అన్నది న్యాయమైన ప్రశ్న. దానికి 1961లోనే న్యూయార్కులో ఒక ప్రయోగం చేశారు. డబ్బు అడగడం మాని, నిందితుడికి ఊళ్లో ఇల్లు ఉందా, పని ఉందా, అయినవాళ్లు ఉన్నారా అని విచారించి, ఊళ్లో అలా వేళ్లూనుకున్నవారిని సొంత మాట మీద వదిలారు. అత్యధికులు వాయిదాకు వచ్చారు. 1966లో అమెరికాలో బెయిలు చట్టం మారడానికి అదొక కారణం. మన కుర్రాడినే చూడండి. డయాలసిస్ తండ్రిని, రెండు గదుల ఇంటిని వదిలి ఎక్కడికి పోతాడు? చెట్టు కింద మనిషి సంచిలోని పాసు పుస్తకం కంటే ఆ తువ్వాలు ముడి గట్టిది కాదా?

గంజాయి మూటలతో దొరికినవారి సంగతి ఇందులో కలపడం లేదు. మత్తు పదార్థాల చట్టంలో బెయిలు దారి వేరు, పైన చెప్పిన పథకం వారికి వర్తించదు. నేను అడుగుతున్నది కోర్టు వదిలిపెట్టమన్న తర్వాత కూడా పేదరికం వల్ల లోపల మిగిలినవారి గురించి.

మా కోరికలు ఇవి.

1. బెయిలు ఉత్తర్వు మర్నాటికల్లా జైలుకు చేరాలి. చేరిన వెంటనే ఖైదీని పిలిచి, అందులో ఏముందో, ఏం కావాలో తెలుగులో చదివి వినిపించాలి.

2. ఏడు రోజులు దాటిన ప్రతి పేరూ జైలు నుంచి న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. పేర్లు బయటపెట్టనక్కరలేదు, ఈ నెల ఎందరు, ఎన్ని రోజులుగా అన్న అంకెలు కోర్టు నోటీసు బోర్డు మీద ప్రతి నెలా అతికించండి. పేద ఖైదీల కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో, ఎందరికి సొమ్ము ఇచ్చిందో కూడా పక్కనే రాయండి.

3. స్థానిక జామీను షరతు మానండి. కనీసం ఈ రెండు జిల్లాల మధ్య, పక్కన పార్వతీపురం మన్యంతో కూడా. మనకు పెళ్లిళ్లు, చావులు, అప్పులు అన్నీ ఈ గీతలు దాటే ఉంటాయి.

4. నెల దాటినా జామీను కుదరని కేసులను పిటిషను కోసం చూడకుండా కోర్టులే పిలవాలి.

5. ఆస్తి విలువ ధ్రువపత్రం ఇచ్చే గడువు మూడు రోజులని గ్రామ సచివాలయంలో గోడ మీద రాయండి. వేలిముద్ర పడకపోతే కనుపాప ద్వారానో, ఫోనుకు వచ్చే సంఖ్య ద్వారానో తీసుకోండి. పలాస చుట్టుపక్కల వేల మంది ఆడవాళ్ల వేళ్లు ఆమె వేళ్లలాంటివే.

6. పోలీసు అధికారులకు: ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు యాంత్రికంగా జరగకూడదని, ఎందుకు అవసరమో కాగితం మీద రాయాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ దొంగతనానికి పడగల గరిష్ఠ శిక్ష మూడేళ్లు. నోటీసు ఇచ్చి పిలిస్తే వచ్చే కుర్రాడే. అరెస్టుకు మీరు రాసిన కారణాన్ని రిమాండు రోజున ఒకసారి తెలుగులో అతని ముందు చదవండి.

7. న్యాయవాద మిత్రులారా, ఈ మాట కొంచెం కష్టంగానే చెబుతున్నాను. బెయిలు ఉత్తర్వు రాగానే మీ పని అయిపోయిందని అనుకోకండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చని ఆ తల్లికి మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. 40 రోజులు నాకూ తెలియదు. ముప్పై నాలుగేళ్లు పౌరశాస్త్రం చెప్పినవాడిని.

ఈ లేఖ నకళ్లు మీ అందరి కార్యాలయాలకు స్పీడు పోస్టులో పంపాను, రసీదులు దాచాను. పరిష్కరించబడినదని సందేశం పంపవద్దు. ఏడు రోజులు దాటినవారు ఈ రోజు ఎందరు ఉన్నారో ఆ ఒక్క అంకె పంపండి. వచ్చే నెల కుర్రాడి కేసు వాయిదా ఉంది. అతనితో పాటు నేనూ వస్తాను. వాళ్ల నాన్నకు ఆ రోజు డయాలసిస్ లేదు, కనుక ఆయన కూడా వస్తానంటున్నాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా.